గట్టు మీద ఈత బడి

ఏటి వంపులో, తుంగ దుబ్బుల చాటున ఒక తల్లి నీటికుక్క కాపురం. కిందటి వరదలో ఇద్దరు పిల్లలు కొట్టుకుపోగా బుంగడొక్కడే మిగిలాడు. పాము కరిచినవాడికి తాడు చూసినా దడే కదా! బుంగణ్ణి తల్లి నీళ్ల వైపే పోనిచ్చేది కాదు.

"నీటికుక్క కడుపున పుట్టి ఈత రాకపోతే రేపు వాడి బతుకేంటే అమ్మాయ్?" అంది పొరుగున ఉండే తాబేలు అవ్వ.

"వాడు కూడా పోతే నా బతుకేంటి అవ్వా?"



ఈ మాటలు పొదలోంచి నక్క విన్నది. మర్నాడే వచ్చి వాలింది.

"చెల్లెమ్మా, ఒళ్లు తడవకుండా ఈత నేర్పే విద్య నా దగ్గరుంది. ఇసుకలో కూర్చుని వల్లెవేస్తే చాలు."

"నీళ్లు తగలవు కదా అన్నయ్యా?"

"చుక్క తగిలితే నన్నడుగు!"

తల్లికి ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు నుంచీ బుంగడు ఇసుకలో కూర్చుని, "కాళ్లు ఆడించవలెను, తోక తిప్పవలెను" అంటూ ఒకటే వల్లె. తల్లి రెప్ప వేయకుండా పక్కనే కూర్చునేది. నక్క లొట్టలు వేసుకుంటూ అదను కోసం కాచుకుంది.

"పాఠం అయ్యాక కాసేపు నాతో ఆడుకోనీ. మోకాలు తడవని మడుగే. నువ్వూ వచ్చి కూర్చో" అని బతిమాలింది అవ్వ. తల్లి బిక్కుబిక్కుమంటూనే ఒప్పుకుంది.

అవ్వ పాఠమేమీ చెప్పలేదు. నత్తగుల్లను మడుగులో విసిరి, "తెచ్చిపెట్టు చూద్దాం!" అంది. బుంగడు మూతి ముంచాడు. ముక్కులోకి నీళ్లెక్కి ఏడుపు లంకించుకున్నాడు. తల్లి దిగ్గున లేచింది.

"ఉండవే! వాడే మళ్లీ దిగుతాడు."

నిజంగానే బుంగడు తుమ్మి, ముక్కు తుడుచుకుని మళ్లీ మునిగాడు. ఇక రోజూ అదే ఆట. గుల్ల దూరం జరిగేకొద్దీ మడుగు లోతైంది. ఊపిరి బిగబట్టడం ఎప్పుడు వచ్చిందో వాడికే తెలీదు. ఒకనాడు తల్లే గుల్లను విసిరింది.

ఇలాగే సాగితే కూన చేజారుతుందని నక్కకు గుబులు పుట్టింది.

"చెల్లెమ్మా, రేపే పరీక్ష. తల్లి ఎదుటుంటే పిల్లాడు తడబడతాడు. వాణ్ణి ఒంటరిగా ఏటి పక్క పొద దగ్గరికి పంపు."

తల్లి పంపింది గానీ మనసొప్పక దూరంగా వెంట నడిచింది.

"కళ్లు మూసుకుని పాఠం చెప్పరా" అంది నక్క.

బుంగడు ఒక కన్నే మూశాడు. నక్క నోట కారుతున్న చొంగ కనబడింది.

"చెప్పడమెందుకు మావయ్యా? చేసి చూపిస్తా!" అంటూ ఏట్లోకి దూకాడు. ఆశ కొద్దీ నక్కా దూకింది. సుడి దాన్ని గిరగిరా తిప్పేసింది.

"ఒరేయ్, ఒడ్డుకెలా రావాలిరా?"

"నువ్వే కదా మావయ్యా ఈత గురువు! నన్నడుగుతావేం?"

గుటకలు మింగుతూ కొట్టుకుపోయిన నక్క ఎక్కడో దిగువన చావు తప్పి ఒడ్డున పడింది. మళ్లీ ఆ వంపు వైపు తొంగి చూడలేదు.

పరుగెత్తుకొచ్చిన తల్లికి నడి ఏట్లో బుంగడి తల కనబడింది. "అమ్మా, నువ్వూ రా!" అని వాడి కేక. ఏడుస్తూనే దూకింది. వరద తర్వాత మొదటిసారి, బిడ్డ పక్కన ఈదింది.

చెవితో విన్న ఈత గట్టు దాకానే; ఆడుతూ నేర్చిన ఈత ఏరు దాటిస్తుంది.