గద్దకనుమ నుంచి వచ్చిన లేఖలు

ఎదుటివారి ముఖం చిన్నబోతే చూడలేక నిజాన్ని మెత్తగా మార్చి చెప్పే మాచయ, నీలవాడ నగరంలో మహారాజుకు లేఖలు చదివి వినిపించే కొలువులో ఉండేవాడు.

నీలవాడ ఒకప్పుడు చిన్న రాజ్యం కాదు. వసంతదేవ మహారాజు తాతగారి కాలంలో రెండు సముద్రాల మధ్య నేలంతా దాని ఏలుబడిలో ఉండేది. వసంతదేవుడు మాత్రం సుఖపురుషుడు. చెడ్డ కబురు వింటే ఆ పూట భోజనం మానేసేవాడు. కబురు తెచ్చినవాడి ముఖం నెల రోజులు చూసేవాడు కాదు. అందుకే సామంతులు ఒక్కొక్కరే జారిపోతున్నా సభలో ఎవరూ ఆ ఊసెత్తేవారు కాదు.

మాచయ అన్న గుండయ ఉత్తరపు సరిహద్దున గద్దకనుమ కోటకు నాయకుడు. తల్లీతండ్రీ చిన్నతనంలోనే పోతే మాచయను పెంచి పెద్దచేసింది ఆయనే. అన్నదమ్ములు కలుసుకుని నాలుగేళ్లయింది. అన్న చేతిరాత కనబడితే చాలు, మాచయ ఆ తాటాకును కళ్లకద్దుకునేవాడు.

ఒక వేసవిలో గుండయ రాశాడు: "కనుమ అవతల పరదేశపు గుర్రపుదండు గుడారాలు వేసింది. మా కోటగోడ ఒకచోట కూలింది. వెయ్యిమందిని పంపండి."

మాచయ తలెత్తి చూశాడు. రాజు వీణకు శ్రుతి చేయిస్తున్నాడు.

"కనుమ అవతల గుర్రాల వర్తకులు దిగారట, ప్రభూ. గోడకు చిన్న మరమ్మతు కావాలట."

"అలాగా! మంచి గుర్రాలుంటే రెండు తెప్పించు," అని రాజు నవ్వాడు.

తొలకరికి రెండో లేఖ వచ్చింది. వానలు వెలిసి వాగు తగ్గగానే శత్రువులు దాటుతారని అందులో ఉంది. 'అన్న ఉన్నంతవరకు కనుమకేం భయం!' అనుకుని మాచయ దాన్నీ మెత్తగానే చదివాడు.

మూడో లేఖతోపాటు తమ్ముడికి విడిగా ఒక చిన్న కమ్మ వచ్చింది. "తమ్ముడూ, నా మాటలు రాజుగారి దాకా చేరుతున్నాయా? నువ్వక్కడ ఉన్నావన్న ధైర్యంతోనే ఉన్నాను. నిన్ను చూడాలనుంది. ఈ గండం గడిస్తే వస్తాను."

ఈసారి మాచయ ఉన్నదున్నట్టు చదవాలనే నిశ్చయంతో వెళ్లాడు. ఆ రోజు అంతఃపురంలో ఉత్సవం. రాజు పూలమండపంలో కూర్చుని, "మాచయా, మంచి కబురేనా?" అని ఆశగా అడిగాడు. మాచయ తాటాకును ఉత్తరీయం కింద దాచుకున్నాడు.

"మంచి కబురే, ప్రభూ," అన్నాడు మాచయ.

పద్దెనిమిది రోజులకు కనుమ శత్రువుల వశమైంది. ఊళ్లు తగలబడుతున్న పొగ నీలవాడ మేడల మీది నుంచే కనబడింది. "నాకెందుకు చెప్పలేదయ్యా!" అని రాజు మాచయ భుజాలు పట్టుకుని ఏడ్చాడు. 'చెబితే వినేవారా ప్రభూ?' అని అడగాలనుకున్నాడు మాచయ. అంతలోనే రాజు పల్లకీ దక్షిణద్వారం దాటి పోయింది. నాయకుడు లేని నగరం మూడు రోజుల్లో పరాయివాళ్ల చేజిక్కింది.

పారిపోయే జనంతో నడిచి నడిచి మాచయ ఒక సముద్రతీరపు పల్లె చేరాడు. అక్కడివాళ్ల భాష వేరు. వలలు బాగుచేస్తూ పదకొండేళ్లు గడిపాడు. తెల్లవారుతుండగా నీలవాడ బురుజు మీద మోగే నగారా కోసం చెవులు రిక్కించేవాడు. కెరటాల హోరు తప్ప ఏమీ వినబడేది కాదు. మొల్లపూలమ్మే వీధి, ఏనుగులు నీళ్లకు పోయే దారి, తొలివానకు తడిసిన నల్లరాతి మెట్లు అన్నీ కళ్లముందు కదిలేవి. అన్నిటికన్నా అన్న మీదే బెంగ.

ఒకనాడు యాత్రికుల గుంపులో కుంటుతూ వచ్చిన ముసలివాడి నోట నీలవాడ మాట వినబడింది. మాచయ పరుగున వెళ్లాడు. అతడు గద్దకనుమ కోటలో భటుడట.

"గుండయ నాయకుణ్ణి ఎరుగుదువా?"

"ఎరగకేం బాబూ! ఆయన పక్కనే పోరాడాను. రోజూ బురుజెక్కి దక్షిణం దారే చూసేవాడు. దుమ్ము లేస్తే చాలు, 'అదుగో, మా తమ్ముడు సైన్యాన్ని పంపించాడు' అనేవాడు. చివరిరోజున కూడా అదే మాట. ఆ తమ్ముడు ఏమయ్యాడో, సైన్యంతో వస్తుంటే దారిలోనే ఎవరో చంపేసి ఉంటారు."

"చావలేదు. నేనే ఆ తమ్ముణ్ణి. లేఖలన్నీ నాకు చేరాయి. రాజుకు నేనే చెప్పలేదు," అన్నాడు మాచయ.

ముసలివాడు చేతికర్ర అందుకున్నాడు. తరవాత, "కనుమలో ఆయన్ని దహనం చేసినచోట రాళ్లు పేర్చాం. ఇక్కణ్ణుంచి నెల్లాళ్ల నడక. ఆ మాట అక్కడికి పోయి చెప్పుకో," అని లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే మాచయ ఉత్తరదిక్కుగా బయలుదేరాడు.

వినలేని రాజూ చెప్పలేని సేవకుడూ ఒకచోట చేరితే ఏ రాజ్యమూ నిలవదు; మనవాళ్ల మేలు కోరేవాళ్లం ఎంత చేదు నిజాన్నైనా వేళ మించకముందే చెప్పితీరాలి.