కీచురాయి పాటలోని పెంకుపురుగు

ఒక టేకుచెట్టు మీద ఒక కీచురాయి, ఒక పెంకుపురుగు ఉండేవాళ్ళు. కీచురాయి పొద్దస్తమానం పాడేవాడు. పెంకుపురుగు పొద్దస్తమానం ఆకులు తినేవాడు.

కీచురాయి ఏళ్ళ తరబడి మట్టిలో ఉండి ఈమధ్యే పైకొచ్చాడు. ఇంకో పది రోజులు బతికితే గొప్ప. ఈలోగా పాట విని ఒక ఆడ కీచురాయి వచ్చి పక్కన వాలాలి. లేకపోతే వాడి వంశం అక్కడితో సరి. అంత తొందరలో ఉన్నవాడు ఏం పాడాలి? తన గురించి పాడుకోవాలి. వాడూ అలాగే మొదలుపెట్టాడు. కానీ రెండో చరణానికే కింది కొమ్మ మీద పెంకుపురుగు కంటబడ్డాడు.

"నాది గాజు రెక్క, వాడిది మొద్దు పెంకు! నేను గుక్కెడు చెట్టురసంతో సరిపెట్టుకుంటాను, వాడు ఆకును జల్లెడ చేసిగానీ వదలడు! వాడి నడక చూడండి, వాడి పొట్ట చూడండి!"

పాట భలే కుదిరింది. వాడికే ముచ్చటేసింది. పెంకుపురుగు వీపు మీద ఎండ పడితే వచ్చే పచ్చని మెరుపు మీద కూడా, తిట్టే ఉద్దేశంతోనే, ఒక చరణం కట్టాడు.

"నన్నింత శ్రద్ధగా చూసినవాడు లేడు తమ్ముడూ," అన్నాడు పెంకుపురుగు నములుతూనే.

"నేనేం పొగడట్లేదు."

"తెలుసులే, పాడు."

ఎనిమిదో నాటికి లేతాకులు అయిపోయి, పెంకుపురుగు గుట్ట అవతలి చెట్టుకు వెళ్ళిపోయాడు. పీడ వదిలిందనుకుని కీచురాయి రెక్కలు సర్దుకున్నాడు. పాట రాలేదు. పెంకుపురుగును తీసేస్తే అందులో మిగిలింది "నాది గాజు రెక్క" ఒక్కటే. దాన్నే నాలుగుసార్లు తిప్పి తిప్పి పాడాడు. సిగ్గేసింది, తన మీద తనకే నవ్వూ వచ్చింది.

సరిగ్గా అప్పుడే ఆడ కీచురాయి వచ్చి పక్కన వాలింది.

"రోజూ వింటున్నానండీ మీ పాట. ఉండబట్టలేక వాగు దాటి వచ్చాను," అందామె. "ఏరండీ ఆయన?"

"ఎవరు?"

"మీ పాటలో ఆయనండీ. ఎలా ఉంటారో ఒక్కసారి చూసిపోదామని."

"వెళ్ళిపోయాడు."

"అయ్యో! మరి మీరెవరండీ?"

ఇన్నాళ్ళూ పాడిన పాటంతా వెతికినా ఆ ప్రశ్నకు కీచురాయికి ఒక్కటే జవాబు దొరికింది.

"నేను ఆయన కానివాణ్ణండీ," అన్నాడు.