తల ఎత్తిన రోకలిబండ

అనగనగా ఒక అడవిలో, ఎప్పుడో గాలివానకు కూలిన మద్దిమాను ఒకటి పడి ఉండేది. దాని కింద చీకటి, తడి, కుళ్లిన ఆకులు. మనమైతే ముక్కు మూసుకుంటాం. రోకలిబండలనే వేయికాళ్ల పురుగులకు మాత్రం అదే ఇల్లు, అదే విందు. రాలిన ఆకులు తినడం, అడవికి మెత్తటి మట్టి చేసి పెట్టడం, ఇదే వాటి పని. ఒంట్లో ఘాటు రసం ఉన్నా ఎవరి జోలికీ పోవు. ఎవరైనా ముట్టుకుంటే చాలు, తల లోపలికి దాచుకుని గుండ్రంగా చుట్టుకుపోతాయి.

"చుట్టుకుంటే గండం గడుస్తుంది" అనేది ముసలి బోడెమ్మవ్వ. అందరికీ అదే వేదం. నల్లపూస అనే రోకలిబండ కూడా ఆ మాటే నమ్మింది.

తొలకరి పడింది. రోకలిబండ పిల్లలు మట్టిలో చిన్నచిన్న గదులు చేసుకుని కుబుసం విడవడానికి లోపలికి దూరాయి. కుబుసం విడిస్తేనే వాటికి కొత్త కాళ్లు పుడతాయి. కానీ అప్పుడు వాటి ఒళ్లు వెన్నముద్దలా మెత్తగా ఉంటుంది. పారిపోలేవు. చుట్టుకోనూ లేవు.

సరిగ్గా అప్పుడే ఎర్రతల జెర్రి ఒకటి మాను కిందికి వచ్చింది. జెర్రి ఆకులు తినదు పిల్లలూ, దానికి మాంసం కావాలి. అది దారిలో ఒక రోకలిబండను తాకింది. అంతే, అన్నీ చుట్టుకుపోయాయి. జెర్రి తాపీగా ఒక గది తవ్వి, చిట్టెమ్మ అనే రోకలిబండ పిల్లను తినేసి పోయింది.

"హమ్మయ్య, గండం గడిచింది" అంది బోడెమ్మవ్వ.

"ఎవరికి గడిచిందవ్వా? చిట్టెమ్మ పిల్లకు గడిచిందా?" అంది నల్లపూస.

"ఊరుకోవే! మనం మిగిలాం, చాలదూ?"

రెండోసారి జెర్రి ఎవరినీ తాకను కూడా లేదు. బయట నిలబడి "చుట్టుకోండి!" అని ఒక్క కేక వేసింది. అన్నీ చుట్టుకున్నాయి. నల్లపూస కూడా చుట్టుకుంది. పక్కింటి గది పగిలిన చప్పుడు, పసిదాని ఏడుపు, అన్నీ వింది. అయినా తల ఎత్తలేదు. జెర్రి వెళ్లాక నల్లపూసకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. "ఛీ! ఇదీ ఒక బతుకేనా!" అనుకుంది. ఆ మిగిలిన గదుల్లో దాని పిల్ల కూడా ఉంది మరి.

బాధతో తిండి సహించక అటూఇటూ తిరుగుతూ ఒక రాతి కిందికి వెళ్లింది. అక్కడ ఇంకో జెర్రి! నల్లపూస గిరుక్కున వెనక్కి తిరగబోయింది. కానీ ఆ జెర్రి మీదికి రాలేదు. అది తన గుడ్ల చుట్టూ చుట్టుకుని, తల మాత్రం బయటికి పెట్టి చూస్తోంది.

"పోవే తల్లీ, నీ దారిన పో. నేను కదిలితే నా గుడ్లకు దిక్కెవరు?" అంది ఆ తల్లి జెర్రి.

నల్లపూస చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత గబగబా ఇంటికి పరుగెత్తింది.

మూడోసారి ఎర్రతల వచ్చింది. "చుట్టుకోండి!"

నల్లపూస చుట్టుకుంది. కానీ తన తల చుట్టూ కాదు, పిల్ల ఉన్న గది చుట్టూ. తల బయటికి పెట్టి, కళ్లెత్తి చూసింది.

"ఒసేయ్, చెవుడా? తల దాచుకో!" అంది జెర్రి.

"దాచుకోను."

"కొరికి పారేస్తాను!"

"కొరుకు. నువ్వు గుడ్డులో ఉన్నప్పుడు మీ అమ్మ కూడా తల దాచుకుని ఉంటే, ఈ పొగరు చూపించడానికి నువ్వు ఉండేవాడివా?"

జెర్రికి ఒళ్లు మండింది. ఎగిరి కొరికింది. నల్లపూస కాళ్లు పటపటా విరిగాయి. అయినా అది కదల్లేదు. బలమంతా కూడగట్టి ఒంట్లోని ఘాటు రసాన్ని జెర్రి నోట్లోకి చిమ్మింది. మంటకు జెర్రి గిలగిల్లాడింది.

"విప్పుకోండర్రా! ఈ రసం మీ ఒంట్లోనూ ఉంది!" అని అరిచింది నల్లపూస.

ముందు చిట్టెమ్మ విప్పుకుంది. తర్వాత ఒకటి, ఇంకొకటి. అందరికంటే చివర, గొణుక్కుంటూనే, బోడెమ్మవ్వ. ఆ కంపుకు, ఆ మంటకు ఎర్రతల కళ్లు బైర్లు కమ్మాయి. మట్టిలో మూతి రుద్దుకుంటూ ఒకటే పరుగు!

కొన్నాళ్లకు నల్లపూస పిల్ల కొత్త కాళ్లతో బయటికి వచ్చింది. అమ్మను చూసి బిక్కమొహం వేసింది.

"అమ్మా, నీ కాళ్లేవే?"

"నీ గుమ్మం ముందు పడిపోయాయి. నేనూ కుబుసం విడిస్తే మళ్లీ వస్తాయిలే."

"మరి ఆ జెర్రి మళ్లీ వస్తే?"

"రానీ" అంది నల్లపూస. "ఉన్న కాళ్లు చాలు, నిలబడడానికి."

నీతి: అందరూ తల దాచుకుంటే దౌర్జన్యానికి దారి ఇచ్చినట్టే, ఒక్కరు తల ఎత్తినా దానికి అడ్డు పడుతుంది.