అక్షరం లేని అచ్చు

అప్పలనర్సమ్మకి ఇంగ్లీషంతా వచ్చు, ఒక్క శబ్దం తప్ప.

ఆ ఒక్క శబ్దమే ఆమె కొంప ముంచింది. పిల్లి, మనిషి, చాప, టోపీ. ఇంగ్లీషులో ఈ నాలుగు మాటల నడుమా ఒకటే అచ్చు ఉంటుంది కదా! నర్సమ్మ చదువుకున్న గైడులో మనిషిని 'మ్యాన్' అని తెలుగులో వేశారు. పాపం, ఉన్నదున్నట్టు చదివింది. శ్రీకాకుళంలో ఏదో బళ్ళో టీచరు ఉద్యోగానికి వెళ్తే, పేరా రాయించి పైకి చదవమన్నారు. 'మ్యాన్' అని మొదలెట్టిందో లేదో, బల్ల అవతల కూర్చున్న ఒకాయన 'మ్యావ్' అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. రైలెక్కి పలాసలో దిగేదాకా ఆ పిల్ల తలెత్తలేదు.

ఇది ఇప్పటి మాట కాదు. ఇప్పుడంటే ఫోను నొక్కితే చాలు, దొరగొంతు ఒకటి ఎన్నిసార్లంటే అన్నిసార్లు పలికి వినిపిస్తుంది. ఆ రోజుల్లో పలాసలో ఇంగ్లీషు పలుకు దిద్దించుకోవాలంటే సమాధానం మేష్టారి అరుగే దిక్కు. సాయంత్రం నాలుగయ్యేసరికి ఆ అరుగు మీద చాపలు పరిచేవారు. గోడకి ఆనించిన నల్లబల్ల, సుద్దముక్కల డబ్బా, పక్కన కుండలో మంచినీళ్ళు. అబ్బ, ఏం రోజులవి!

మేష్టారి పేరే సమాధానం. మిషను బళ్ళో ముప్పయ్యేళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. తల్లిదండ్రులు శాంతి అనే అర్థంలో ఆ పేరు పెట్టారు గానీ, ఊళ్ళో అందరూ దాని మీద హాస్యాలాడేవారు. ఎందుకంటే అడిగిన ప్రశ్నకి ఆ మహానుభావుడు ఏనాడూ సమాధానం చెప్పి ఎరగడు. కామా ఎక్కడ పెట్టాలండీ అని ఒకమ్మాయి అడిగితే చెంబుడు నీళ్ళిచ్చి తాగమన్నారట. సగం తాగి ఊపిరి పీల్చుకోగానే, "అక్కడ" అన్నారట. అదీ ఆయన పాఠం.

నర్సమ్మ ఆయన దగ్గర చేరి రెండు నెలలైంది. కాశీబుగ్గలో కొత్తగా ఇంగ్లీషు మీడియం బడి పెడుతున్నారు. వచ్చే సోమవారం ఇంటర్వ్యూ. అదీ పోతే మంగళవారం నుంచి జీడిపిక్కలు కొట్టే షెడ్డులో వాళ్ళమ్మ సన్యాసమ్మ పక్కన పీట వేసుకోవడమే. మేస్త్రీతో మాట కూడా అయిపోయింది.

ఆ పని ఎలాంటిదో చూసినవాళ్ళకి తెలుసు. పిక్క కొట్టినప్పుడల్లా నూనె చిమ్ముతుంది, తగిలిన చోటల్లా చర్మం కాలుతుంది. సన్యాసమ్మ చేతులు మణికట్టు దాకా నలుపు. బూడిద పెట్టి తోమినా, ఆముదం రాసినా వదలని నలుపు. నర్సమ్మకి ఆ చేతులంటే భయం, అంతకన్నా ఎక్కువ సిగ్గు. కాలేజీలో ఎవరడిగినా, "మా అమ్మ ఇంట్లోనే ఉంటుంది" అనేది. మేష్టారికీ అదే చెప్పింది. ఆయన ఇల్లు రైలుపట్టాలకి ఇవతల, వీళ్ళ ఇల్లు అవతల. ఎవరు చూడొచ్చారు?

ఆ వారం మేష్టారు, "మీ అమ్మ గురించి ఒక పేరా రాసి పట్రా" అన్నారు.

గైడులో ఉండనే ఉంది. నర్సమ్మ కళ్ళు మూసుకుని రాసేసింది. అమ్మ గృహిణి. తెల్లవారుజామున లేస్తుంది. గులాబీ మొక్కలకి నీళ్ళు పోస్తుంది. ఆదివారం మమ్మల్ని పార్కుకి తీసుకెళ్తుంది.

మేష్టారు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. కాగితం వెనక్కి తిప్పి చూశారు. మళ్ళీ ముందుకి తిప్పారు.

"ఏం వెతుకుతున్నారండీ?"

"మీ అమ్మని."

నర్సమ్మ మొహం ఎర్రబడింది. "తప్పులున్నాయా మేష్టారూ?"

"ఒక్కటీ లేదు" అని కాగితం తిరిగిచ్చేశారు.

శనివారం వచ్చేసింది. ఇంట్లో అద్దం ముందు నిలబడి నోరు అడ్డంగా సాగదీసీ సాగదీసీ దవడలు నొప్పెట్టాయి గానీ శబ్దం మాత్రం రాలేదు. 'మ్యాన్' అంటే పిల్లి అరుస్తోంది. ఇంకో గైడులో 'మేన్' అని ఉందని అదీ అనిచూసింది. మేనమామ గుర్తొచ్చాడు తప్ప ఇంగ్లీషు మనిషి రాలేదు. అరుగు మీద అందరూ వెళ్ళిపోయాక మేష్టారి ముందు భోరుమంది.

"ఆ శబ్దానికి తెలుగులో అక్షరమే లేదు మేష్టారూ! అక్షరమే లేనిది నా నోటికెలా వస్తుంది? అదంతా పెద్దింటి పిల్లలకే. కూలివాళ్ళ పిల్లలకి రాదు!"

అన్నాక నాలుక కరుచుకుంది.

మేష్టారు విననట్టే లేచారు. చెప్పులు తొడుక్కున్నారు. మూలనున్న గొడుగు అందుకున్నారు.

"పద."

"ఎక్కడికండీ?"

"మీ ఇంటికి."

నర్సమ్మ దారికి అడ్డంగా నిలబడింది. "ఇప్పుడా? అమ్మ లేదండీ. ఊరెళ్ళింది."

"పోనీ ఇల్లు చూసి వస్తాను."

రైల్వే గేటు వేసి ఉంది. గూడ్సు బండి ఒకటి తాపీగా పోతోంది. ఆ బండికి చివర లేకపోతే బాగుండునని నర్సమ్మ దేవుళ్ళందరికీ దండాలు పెట్టుకుంది. పక్కన మేష్టారు మాత్రం పెళ్ళివారి ఊరేగింపు చూస్తున్నంత సంబరంగా నిలబడ్డారు. ఎంత పెద్ద బండికైనా ఆఖరి పెట్టె అంటూ ఉంటుంది కదా, అదీ వచ్చింది. గేటు లేచింది.

సన్యాసమ్మ అప్పుడే పనినుంచి వచ్చి, వీధి గుమ్మంలో వీళ్ళకి వీపు పెట్టి కూర్చుని, చేతులకి బూడిద రుద్దుకుంటోంది. కూతురి అడుగుల చప్పుడు విని, తల తిప్పకుండానే అంది.

"వచ్చేవా అమ్మా?"

నర్సమ్మ పలకబోయింది. మేష్టారు పెదాల మీద వేలు పెట్టారు.

"నర్సా, వచ్చేవా? ఏటే, పలకవు?"

అప్పుడు వెనక్కి తిరిగింది. "అయ్యో, మేష్టరుబాబా!" అంటూ గబుక్కున లేచి రెండు చేతులూ చీరకొంగులో దూర్చేసుకుంది.

నర్సమ్మ అది చూసింది. ఆ చేతుల్ని దాస్తున్నది తానొక్కతే అనుకుంది ఇన్నాళ్ళూ. అమ్మ కూడా దాస్తోంది. ఎవరి కోసం దాస్తోందో ఆ పిల్లకి అప్పుడే తెలిసింది.

"తల్లీ, కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా?" అన్నారు మేష్టారు.

నీళ్ళివ్వాలంటే చేతులు బయటికి రాక తప్పదు. సన్యాసమ్మ కూతురి వంక చూసింది. కూతురు కదల్లేదు. చేసేది లేక లోపలికి వెళ్ళి గ్లాసుతో తెచ్చింది. మేష్టారు ఆ నల్లటి వేళ్ళ మధ్య నుంచి గ్లాసు అందుకుని, నిలబడే తాగారు.

"చల్లగా ఉన్నాయమ్మా. ఇందాక వెనక్కి తిరగకుండా ఒక మాటన్నారే, అది ఇంకోసారి అనండి."

"ఏ మాట బాబూ? వచ్చేవా అన్నాను. తప్పేటి?"

"ఇంకొక్కసారి."

"వచ్చేవా" అంది సన్యాసమ్మ, ఈ ముసలాయనకి ఏమైందో అన్నట్టు.

మేష్టారు నర్సమ్మ వంక తిరిగారు.

మీరూ ఒకసారి అనిచూడండి. కొందరు 'వచ్చావా' అని రాస్తారు, కొందరు 'వచ్చేవా' అని రాస్తారు. మా వైపు నోరు ఈ రెంటినీ లెక్కచెయ్యదు. అది చా కాదు, చే కాదు. రెంటికీ నడుమన ఇంకొకటి ఉంది. దానికి అక్షరం లేదు. అక్షరం లేదని మా అమ్మలెవరూ పిలవడం మానలేదు.

నర్సమ్మ పెదాలు కదిలాయి. వచ్చే... వచ్చే... ఆ నోటిని అలాగే ఉంచి, ముందు 'వచ్చ'నీ వెనక 'వా'నీ వదిలేసి, ఇంగ్లీషు మనిషిని పిలిచింది. మనిషి వచ్చేశాడు. పిల్లి పారిపోయింది.

"నా దగ్గర ఇంకేం లేదమ్మా" అని మేష్టారు గొడుగు పట్టుకుని వెళ్ళిపోయారు.

సోమవారం ఇంటర్వ్యూలో, మీకు బాగా తెలిసిన మనిషి గురించి పేరా రాయమన్నారు. గైడులో 'నా ప్రాణస్నేహితురాలు' అనే పేరా ఉంది. నర్సమ్మకి కంఠతా వచ్చు. కలం చాలాసేపు కాగితం మీద కదల్లేదు. తర్వాత మొదటి వాక్యం రాసింది. మా అమ్మ చేతులు నల్లగా ఉంటాయి. ఇంగ్లీషులో అయిదే మాటలు. మిగతా పేరా అంతా ఆ చేతుల గురించే. గులాబీ మొక్క ఒక్కటీ లేదు.

లేచి నిలబడి చదవమన్నారు. చేతులకీ, నలుపుకీ ఇంగ్లీషులో ఉన్న మాటలు రెంటిలోనూ ఆ పాడు అచ్చే ఉంది. నర్సమ్మ చదివింది. ఎవరూ మ్యావ్ అనలేదు. బల్ల వెనకున్న పెద్దావిడ కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని, "మళ్ళీ చదువమ్మా" అంది.

ఆ బళ్ళో అప్పలనర్సమ్మ టీచరు ముప్పయ్యేళ్ళు పనిచేసింది. ఏ పిల్ల ఆ శబ్దం దగ్గర తడబడినా పుస్తకం మూయించి, "ఇంటికెళ్ళగానే మీ అమ్మ ఏమంటుంది?" అని అడిగేది. రిటైరైన ఇన్నేళ్ళకీ, సాయంత్రం గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఒక్క క్షణం ఆగుతుంది, ఆ మాట కోసం. అనేవాళ్ళు లేరు మరి. అదంతా తర్వాతి సంగతి. నేను చెప్పాల్సింది ఆ సోమవారం సాయంత్రం సంగతి.

ఉద్యోగం వచ్చిందని తెలియగానే నర్సమ్మ పరుగున మేష్టారి అరుగెక్కింది. రొప్పుతూనే ఆ వాక్యం చదివి వినిపించింది.

మేష్టారు కళ్ళు మూసుకుని విన్నారు.

"ఇది వినాల్సింది నేనా?" అన్నారు.

నర్సమ్మ మెట్లు దిగి మళ్ళీ పరుగెత్తింది. ఈసారి గేటు తీసే ఉంది.

"వచ్చేవా అమ్మా?"

"వచ్చేనమ్మా. నీ గురించి రాశాను. విను" అని ఇంగ్లీషులో చదివింది.

"అంటే ఏటే?"

నర్సమ్మ తెలుగులో చెప్పింది. "మా అమ్మ చేతులు నల్లగా ఉంటాయని."

సన్యాసమ్మ తన రెండు చేతులూ ముందుకి చాపి, అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"ఓలమ్మా! ఈ మాటకే ఉజ్జోగం ఇచ్చేరా?"

నర్సమ్మ ఆ చేతులు రెండూ పట్టుకుంది. సన్యాసమ్మ వెనక్కి లాక్కోలేదు.