కలపడం, కలుపుకోవడం

పేరయ్య శాస్త్రిగారు వ్యాకరణం చెప్పేటప్పుడు పుస్తకం మూసే ఉంచేవారు. ఒకనాడు శిష్యుడు విశ్వపతి ఆయన్ని అడిగాడు. "కలపడమన్నా, కలుపుకోవడమన్నా జరిగే పని ఒకటే కదండీ. ఆ 'కోవడం' అదనంగా ఎందుకు?"

"మన చేలో నాట్లు పడుతున్నాయి. మూడు రోజులు గట్టుమీద కూర్చుని చూసిరా" అన్నారు శాస్త్రిగారు.

విశ్వపతి గొడుగు పట్టుకుని వెళ్లాడు. నాట్లు వేసే ముఠాలో పదిమంది దాకా ఆడవాళ్లు. వాళ్లకు పెద్ద మాణిక్యం. వరదకు ఇల్లు పోగొట్టుకుని ఏటి మధ్య లంకలోంచి వచ్చిన నూకాలును ఆ వారమే మునసబు తెచ్చి ముఠాలో కలిపాడు. లంకలో మిరప, పొగాకు పండించిన మనిషికి వరినాట్లు కొత్త. మిగతావాళ్లు తమ వరుసలు ముగించి గట్టెక్కినా ఆమె ఒక్కతే మడి మధ్యలో వంగి ఉండేది. ఎవరూ వెనక్కి వచ్చి చెయ్యి వేయలేదు. మధ్యాహ్నం పిలిచినా రాక, గిన్నె పట్టుకుని దూరంగా వెళ్లి, అటు తిరిగి తినేది.

"మునసబు చెప్పాడని రానిచ్చాం. రేపొక్కరోజు చూసి పంపేద్దాం" అని మాణిక్యం రెండోరోజున అనడం విశ్వపతి చెవిన పడింది. మనసు చివుక్కుమంది. కానీ తాను చేయగలిగింది ఏముంది?

మూడోనాడు నూకాలు అందరికంటే చివర గట్టెక్కింది. నీళ్లలో నాని వేళ్లు పగిలిపోయాయి. గిన్నె మూత ఎంత లాగినా రాలేదు. మాణిక్యం చూసి చూసి లేచింది. వెళ్లి మూత తీసింది. లోపల ఒట్టి చద్దన్నం. తన ఎండుచేపల కూర కాస్త అందులో వేసి, "ఏమ్మా, మా కూర తినవా?" అంది.

అందరూ నోటి దగ్గర ముద్దలు ఆపి చూస్తున్నారు. నూకాలు కూర కాస్త వేలికి తీసుకుని రుచి చూసింది.

"మేమైతే ఇంకాస్త పులుపు వేస్తాం" అని, కలుపుకుని తినసాగింది. ఎవరో పక్కున నవ్వారు. ఆమె ఇటు తిరిగి కూర్చుంది.

ఆ పూట నూకాలుకు రెండువైపులా ఉన్నవాళ్లు ఆమె వరుసలోకి చెరో జానెడు ఎక్కువ నాటుతూ వచ్చారు. పొద్దువాలేసరికి అన్ని వరుసలూ ఒక్కసారే గట్టు చేరాయి. పంపేసే మాట ఎవరూ ఎత్తలేదు.

విశ్వపతి వడివడిగా శాస్త్రిగారింటికి వచ్చి, చూసిందంతా చెప్పాడు. "తెలిసిందండీ! మునసబు కలిపాడు. మాణిక్యం కలుపుకుంది."

శాస్త్రిగారు కాళ్లు కడుక్కోమని చెంబు అందించారు.

"అన్నం కలుపుకున్నది ఎవరు నాయనా?" అన్నారు.