పచ్చజెండా పట్టుకున్న నాంచారమ్మ

అనగనగనగా, ఎడ్లబళ్ళు వెనకబడి ఇనుప పట్టాల మీద పొగబండి పరుగులు మొదలైన కాలంలో, మణిశైలం అనే రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో రేగుమిట్ట అనే చిన్న ఊరు. అక్కడ బండి ఆగేది. కానీ స్టేషను గది లేదు, టికెట్లిచ్చే కిటికీ లేదు, ఇచ్చే మనిషీ లేడు. ఊరి పేరు రాసిన పలక ఒకటి కొయ్యకు వేలాడేది, అంతే.

ఆ ఊళ్ళో నాంచారమ్మ అనే ఆవిడ గేదెల్ని మేపి, పెరుగు తోడుపెట్టి, రాజధానిలో అమ్ముకొని బతికేది. పెరుగు ఎంత గట్టిదో ఆవిడ మాటా అంత గట్టిది. ఒకరి సొమ్ము ముట్టదు, ఒకరు మాటంటే పడదు.

ఎండెక్కకముందే సరుకు చేరుతుంది కదా అని ఆవిడ ఒకరోజు కుండతో పొగబండి ఎక్కింది. ఎక్కీ ఎక్కగానే ఛార్జీ డబ్బులు చేత పట్టుకొని, టికెట్ల అధికారిని వెతుక్కుంటూ వెళ్ళింది. ఆయన పేరు గజపతిరాయుడు. మీసాలు పెద్దవి, గొంతు అంతకంటే పెద్దది.

"బాబూ, రేగుమిట్టలో ఎక్కాను. ఈ ఛార్జీ తీసుకోండి" అంది.

"టికెట్టేదీ?"

"అక్కడ ఇచ్చేవాళ్ళు లేరుగా బాబూ! అందుకే మీ దగ్గరికొచ్చాను."

"టికెట్టు లేకుండా ఎక్కినవాళ్ళంతా దొంగలే! రెట్టింపు జరిమానా కట్టు!"

పెట్టెలో అందరూ తలలు తిప్పి చూశారు. ఎవరో కిసుక్కున నవ్వారు. నాంచారమ్మ జరిమానా కట్టింది. కానీ ఆ రోజంతా పెరుగు పోస్తున్నా, బేరాలాడుతున్నా, దొంగ అన్న మాటే చెవుల్లో గింగురుమంది.

రెండోసారి ఆవిడ జాగ్రత్తపడింది. ఎక్కకముందే బండి చివర నిలబడ్డ గార్డు దగ్గరికి వెళ్ళింది. "అయ్యా, ఛార్జీ మీరు తీసుకోండి."

"నా పని జెండా ఊపడం. డబ్బుతో నాకేం పని? లోపలికెళ్ళి కట్టుకో ఫో" అన్నాడు గార్డు.

గార్డు వెళ్ళమన్నాడని చెబితే, లోపల గజపతిరాయుడు కళ్ళెర్రజేశాడు. "మళ్ళీ నువ్వేనా? గార్డు చెప్పాడంటే కాగితం చూపించు! లేదా? అయితే జరిమానా తియ్!"

"ఛార్జీ ఇస్తానంటే వద్దంటారు. లేని టికెట్టు చూపించమంటారు. ఇదెక్కడి న్యాయం?" అని నాంచారమ్మ నిలదీసింది.

ఆయనకు ఒళ్ళు మండింది. నీడైనా లేని బీడు దగ్గర బండి ఆపించి ఆవిడను దింపేశాడు. నెత్తిన కుండతో, కాళ్ళ కింద కంకరతో, మిట్టమధ్యాహ్నం ఎండలో ఆవిడ నడిచింది. నగరం చేరేసరికి పెరుగు పులిసి నురగ తేలింది. ఒక్కరూ కొనలేదు. ఆవిడ కుండెడు పెరుగూ దారి పక్కన పారబోసింది. ఏడుపుతో కాదు, కోపంతో.

ఇంటికొచ్చాక పొరుగింటి పైడయ్య ఓదార్చబోయాడు. "నువ్వు మరీ అమాయకురాలివి వదినా! మేమంతా బండెక్కి మరుగుదొడ్లో దాక్కుంటాం. ఆ అధికారి తలుపు తట్టనే తట్టడు. నువ్వే వెతుక్కుంటూ వెళ్ళి దొరికిపోతున్నావు."

నాంచారమ్మ చివ్వున లేచింది. "నేను దాక్కోవాలా? నన్ను దొంగ అన్నవాడి మాట నేనే నిజం చెయ్యాలా? నీకు మాత్రం సిగ్గుగా లేదూ, ఆ కంపులో ఊపిరి బిగబట్టుకొని కూర్చోవడానికి?"

పైడయ్య తల దించుకున్నాడు. ఆవిడ ఆగలేదు. ఇంటింటికీ వెళ్ళింది, అందర్నీ కడిగేసింది, ఒప్పించింది.

మూడోసారి బండి రేగుమిట్టలో ఆగగానే, ఊరివాళ్ళంతా గార్డు ముందు వరసకట్టారు. పైడయ్యతో సహా అందరి అరచేతుల్లోనూ ఛార్జీ ఉంది. గార్డు విసుక్కుంటూ పచ్చజెండా ఎత్తాడు. నాంచారమ్మ ఆ జెండా కొస పట్టుకుంది.

"ముందు డబ్బు తీసుకో. ఆ తర్వాతే ఊపు!"

గార్డు లాగాడు. ఆవిడ వదల్లేదు. గజపతిరాయుడు దూకుతూ వచ్చాడు. "బండి ఆపుతావా? సంకెళ్ళు వేయిస్తాను!"

ఆ రోజు బండి ముందు పెట్టెలో ఆ దేశపు రాణి రత్నాంగి ఉంది. గొడవ విని కిందికి దిగి వచ్చింది. "ఏమ్మా, బండి ఎందుకు ఆపావు?"

"ఛార్జీ తీసుకోమని ఆపానమ్మా! ఇస్తానంటే దొంగ అన్నారు. దొంగెవడైనా కాపలావాణ్ణి వెతుక్కుంటూ వస్తాడా?"

గజపతిరాయుడు చేతులు నలుపుకున్నాడు. "మహారాణీ, పై స్టేషన్ల నుంచి టికెట్టు కొనకుండా వచ్చేవాళ్ళు కూడా రేగుమిట్ట పేరే చెబుతారు. ఎవర్నని నమ్మను?"

"అయితే అలా వచ్చేవాళ్ళు ఎక్కడ?" అంది రాణి. మరుగుదొడ్లలో దాక్కుంటారని పైడయ్య ముందుకొచ్చి చెప్పాడు. "మరుగుదొడ్ల తలుపులు తీయించండి!"

తలుపులు తీశారు. లోపల్నుంచి పట్టుబట్టల వర్తకుడు ధనపాలుడు, చెమటలు కక్కుతూ బయటికొచ్చాడు. ఆయన ఎక్కిన స్టేషన్లో ఒకటికి నాలుగు కిటికీలున్నాయి. గజపతిరాయుడు రోజూ వంగి దండం పెట్టే పెద్దమనిషి ఆయన!

రాణి ముఖం ఎర్రబడింది. "తలుపు తట్టడానికి బద్ధకించి, ఎదురొచ్చి నిలబడ్డవాళ్ళ మీద నోరు పారేసుకున్నావన్నమాట. నేటి నుంచి కిటికీ లేని చోట ఎక్కినవాళ్ళ దగ్గర గార్డే ఛార్జీ తీసుకొని రసీదు ఇవ్వాలి. జరిమానా దాక్కున్నవాళ్ళకే. ఈ ఊళ్ళో గది కట్టేదాకా, గజపతీ, ఈ ఎండలో కూర్చొని నువ్వే టికెట్లు ఇవ్వు!"

గజపతిరాయుడు నాంచారమ్మ దగ్గరికొచ్చి గొణిగాడు. "అమ్మా, తప్పయింది."

"నా చెవిలో చెబితే సరిపోతుందా?" అంది ఆవిడ, కోపం చల్లారకుండానే. "పెట్టె నిండా జనం వినేట్టు దొంగ అన్నావు. వాళ్ళంతా వినేట్టు చెప్పు!"

ఆయన రాణి వైపు చూశాడు. రాణి బండి వైపు చెయ్యి చూపించింది. అంత పెద్ద మనిషీ బండి పొడవునా నడిచాడు. ప్రతి పెట్టె కిటికీ దగ్గరా ఆగి, "నాంచారమ్మ దొంగ కాదు, తప్పు నాదే" అని గట్టిగా చెప్పుకుంటూ వెళ్ళాడు. చివరి పెట్టె దగ్గర ఆ మాట వినబడ్డాకే ఆవిడ జెండా వదిలింది.

కట్టే దారి చూపకుండా కట్టలేదని నిందించేవాడిదే నేరం. నింద పడినా దొంగదారి తొక్కకుండా, ఎదురు నిలిచి అడిగినవాళ్ళదే గెలుపు.