అప్పుల బంతిలో రాజుగారి గరిటె

కొండలకు ఇవతల, వేగవరం పొరుగున, చిత్రకోన అని ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే ఉత్తుంగ భూపతికి ఏ వస్తువైనా తన ఒంటికి సరిపోతే చాలదు, తన బిరుదులకు సరిపోవాలి. ఆయన బిరుదులు అరవై నాలుగు. అందుకని అరవై నాలుగు మూరల వెడల్పున ఒక గొడుగు చేయించాడు.

దాన్ని ఎత్తి పట్టడానికి నలభై మంది కావలసి వచ్చారు. పట్టు, జరీ, వెదుళ్లు, ముత్యాల కుచ్చులు అన్నీ కలిపి అరవై వేల వరహాలు అయింది. ఆ సొమ్మంతా ఊళ్లో వర్తకుల దగ్గర చేసిన అప్పే.

ఊరేగింపు రోజున ఆ గొడుగు సరిగ్గా పదమూడు అడుగులు నడిచింది. పద్నాలుగో అడుగుకి గాలి లేచింది. ముప్పై ఎనిమిది మంది చేతులు వదిలేశారు. మిగిలిన ఇద్దరూ జీతం తింటున్నాం కదా అని పట్టుకునే ఉన్నారు. గొడుగూ వాళ్లూ కలిసి కొండ మీదుగా వేగవరం రాజ్యంలోకి వెళ్లిపోయారు. మూడో రోజుకి ఆ ఇద్దరూ నడుచుకుంటూ తిరిగి వచ్చారు. గొడుగు రాలేదు.

రాజుకి తలకొట్టేసినట్టయింది. ఇకమీదట రాజ్యంలో ఎవరూ 'గొడుగు' అనే మాట అనకూడదని, అంటే నూరు కొరడా దెబ్బలని శాసనం చేశాడు.

దాంతో ఒక చిక్కు వచ్చింది. ఆ నలభై మందిని పని మానమని చెప్పాలన్నా ఆ మాట అనక తప్పదు. ఎవరూ అనలేదు. కాబట్టి రాజు ఎక్కడికి వెళ్లినా వాళ్లు చుట్టూ చేరి, పిడికిళ్లు బిగించి, ఏమీ లేనిదాన్ని పైకెత్తి పట్టుకుని నడిచేవారు. గాలి వీస్తే అందరూ కలిసి ఒక పక్కకి వాలేవారు కూడా. నెల తిరిగేసరికి మనిషికి పది వరహాల జీతం పుచ్చుకునేవారు.

ఏడాది గడిచింది. వర్తకులు వచ్చి కొలువులో బైఠాయించారు.

రాజు మంత్రి దండనాథయ్య వైపు చూశాడు. మంత్రి గొంతు సవరించుకున్నాడు.

"ప్రభువులు తండ్రి. ప్రజలు బిడ్డలు. తండ్రికి అప్పయితే ఎదిగిన బిడ్డలు తలా ఒక చెయ్యి వేయడం ధర్మం. మన రాజ్యంలో ఎదిగిన బిడ్డలు పన్నెండు వేల మంది. తలకి ఐదు వరహాలు చొప్పున పౌర్ణమిలోగా కట్టాలి."

"భేష్!" అన్నాడు రాజు. "మా బిడ్డలు ఎంత అదృష్టవంతులు! ఇంత పెద్ద తండ్రి అప్పు తీర్చే అవకాశం ఎవరికి దొరుకుతుంది?"

ఆ మాట విని, కొలువులో చివరి వరసలో కూర్చున్న గవరయ్య కలం కింద పెట్టేశాడు.

గవరయ్య ఖజానాలో లెక్కలు రాసేవాడు. ఇరవై ఏడేళ్లవాడు. వాళ్లది గానుగ ఆడించే ఇల్లు. ఏడేళ్ల కిందట వాళ్ల నాన్న కన్నయ్య అప్పు చేసి ఒక పందెపు ఎద్దుని కొని తెచ్చి గానుగకు కట్టాడు. అది గానుగ చుట్టూ తిరగమంటే ఎదురువైపు తిరిగేది. కొట్టినా, బతిమాలినా, చివరికి గానుగనే తిప్పి పెట్టినా మళ్లీ ఎదురువైపే. ఎద్దు పోయింది, అప్పు మిగిలింది. వడ్డీతో ఏడు వందల వరహాలు. గానుగ తాకట్టులో పడింది.

అప్పుడు తండ్రి, తల్లి, అక్క పైడమ్మ, తమ్ముడు ఎర్రన్న, గవరయ్య, ఐదుగురూ తలా ఐదు వేసి మూడు నెలలకి ఇరవై ఐదు చొప్పున కట్టడం మొదలుపెట్టారు. మొత్తం ఇరవై ఎనిమిది వాయిదాలు. ఇరవై ఏడు కట్టేశారు. ఆఖరిది ఈ పౌర్ణమికే. అది తప్పితే గానుగ షావుకారుదే.

రాజుగారి వంతు ఎంతయింది? ఐదుగురికి తలా ఐదు. ఇరవై ఐదు. గుడ్డలో మూటకట్టి ఉన్నది కూడా సరిగ్గా ఇరవై ఐదే.

ఆ సాయంత్రం ఇంట్లో ఆ మాట చెప్పాడు. పైడమ్మ చేతిలోని పిండి దులుపుకుంటూ అంది.

"మన నాన్న అడిగాడంటే అర్థం ఉంది. అప్పుల బంతి వేశాడు. తన చేత్తో వడ్డించి, తను చేసిన తెలివితక్కువ పని తనే చెప్పుకున్నాడు. ఈయనేం వడ్డించాడని?"

కన్నయ్య తల దించుకుని, "ఎద్దు మాట ఇప్పుడెందుకే అమ్మా" అన్నాడు.

గవరయ్య లేచి నిలబడ్డాడు. "అక్కా, ఇంకోసారి అను."

మర్నాడు కొలువు నిండగానే గవరయ్య ముందుకొచ్చి దండం పెట్టాడు.

"ప్రభూ, తమ ఆలోచన దివ్యంగా ఉంది. బంతి ఎప్పుడో సెలవిస్తే విస్తళ్ల లెక్క వేసుకుంటాను."

"ఏ బంతి?" అన్నాడు రాజు.

"అప్పుల బంతి ప్రభూ. మన రాజ్యంలో ఏ తండ్రైనా ఎదిగిన బిడ్డల్ని అప్పుకి చెయ్యి వేయమని అడిగే ముందు వాళ్లని వరసగా కూర్చోబెట్టి తన చేత్తో వడ్డించాలి. వాళ్లు తింటుండగా అప్పు ఎందుకు అయిందో చెప్పాలి. అడిగినదానికి కోప్పడకుండా జవాబివ్వాలి. అప్పు తీరేదాకా పెద్ద బిడ్డని అడగకుండా పైసా ఖర్చు పెట్టకూడదు. బంతి వేయకుండా అడిగితే ఇవ్వాలో వద్దో బిడ్డల ఇష్టం."

"ఏరా, ఇవన్నీ గానుగ ఇళ్లలో ఆచారాలు. కోటలో ఎందుకుంటాయి?" అని మంత్రి గుడ్లురిమాడు.

"కోట వంటశాల గోడకి రాగి గరిటె ఒకటి వేలాడుతూ ఉంటుంది కదండీ, అదేమిటనుకున్నారు? మన ప్రభువుల తాతగారు కోట గోడ కట్టించి అప్పులపాలైతే, ముగ్గురు కొడుకుల్నీ కూర్చోబెట్టి వడ్డించిన గరిటె అది. అయినా ముగ్గురికంటే సరే, పన్నెండు వేల మందికి వడ్డించడం ప్రభువుల వల్ల ఏమవుతుంది? మీరన్నదే నిజం. మానేద్దాం."

రాజు మీసం లేచి నిలబడింది.

"మా వల్ల కాదా? మా తాతగారు ముగ్గురికి వడ్డించారా? మేం పన్నెండు వేల మందికి వడ్డిస్తాం! రాయి, ఇది మా అరవై ఐదో బిరుదు. అఖండ అన్న ప్రదాత!"

"ఒకేసారి మూడు వందల మంది పడతారు ప్రభూ. రోజుకి ఒక బంతి వేస్తే నలభై రోజులు" అన్నాడు గవరయ్య, రాసుకుంటూ.

మొదటి బంతి కోట వాకిట్లో వేశారు. మూడు వందల మంది కూర్చున్నారు. బంతి మొదట్లో రాజ్యానికంతటికీ పెద్దదైన ఎనభై నాలుగేళ్ల గున్నమ్మ కూర్చుంది. సంతలో ఆకుకూరలు అమ్ముకునే మనిషి. చివర్లో గవరయ్య ఇంటి ఐదుగురూ కూర్చున్నారు. రాజు నడుం బిగించి, రాగి గరిటె పట్టి, వంటవాళ్లు పప్పు గుండిగ మోస్తుండగా బయలుదేరాడు. నలభై మందీ పిడికిళ్లెత్తి వెంట నడిచారు.

గున్నమ్మ ముప్పై ఐదేళ్ల రాజుని ఎగాదిగా చూసింది.

"ఇంకొంచెం పప్పు వెయ్యి నాన్నా. పెద్ద కూతుర్ని."

రాజు వేశాడు.

"ఇప్పుడు చెప్పు నాన్నా, అప్పెందుకయింది?"

రాజు ఛాతీ విరిచాడు. "లోకకల్యాణం కోసం ఒక మహత్తర నిర్మాణం..."

"అంటే చెరువా?"

"కాదు."

"వంతెనా?"

"కాదమ్మా. అది... పైన ఉండేది."

"పైన ఉండేదా? మరి మాకు కనబడలేదేం?"

బంతిలో ఎవరో గట్టిగా దగ్గారు. నలభై మంది పిడికిళ్లు గట్టిగా బిగించారు. మంత్రి పరుగున వచ్చి, "అడగకూడని మాటలు అడుగుతున్నావు" అన్నాడు.

"బంతిలో అడగకూడని మాట ఉండదయ్యా" అంది గున్నమ్మ. "నువ్వు వడ్డించేవాడివా, తినేవాడివా? ఏదీ కాకపోతే పక్కకి జరుగు, ఈగలు వస్తున్నాయి."

రాజు తర్వాతి విస్తరికి వెళ్లాడు. అక్కడా అదే ప్రశ్న. ఆ తర్వాత విస్తరిలోనూ అదే. పదో విస్తరి దగ్గర, "అది ఒక రాచ లాంఛనం" అన్నాడు. ఎనభయ్యో విస్తరి దగ్గర, "గాలి చాలా ఎక్కువగా వీచింది" అన్నాడు. నూట యాభయ్యో విస్తరికి నడుం పట్టేసింది. గరిటె ఆనించి నిలబడి, "అసలు అంత పెద్దది అక్కర్లేదనుకో" అన్నాడు. రెండు వందల తొంభై విస్తళ్లు దాటేసరికి చెమటలో కిరీటం కళ్ల మీదికి జారింది. దాన్ని తీసి పప్పు గుండిగ అంచుకి తగిలించాడు.

చివర్లో కన్నయ్య విస్తరి ముందుకొచ్చాడు. కన్నయ్య ఏమీ అడగలేదు. తనే చెప్పాడు.

"ప్రభూ, నేను ఎదురువైపు నడిచే ఎద్దుని కొన్నాను. ఏడు వందలు అప్పు. నా పిల్లలకి అన్నం పెట్టి ఈ మాట చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. చెప్పాక నవ్వారు. ఆ తర్వాతే డబ్బులు తీశారు."

రాజు వెనక్కి తిరిగి, వాకిలంతా వినబడేలా అరిచాడు.

"గొడుగు! చాలా? గొడుగు కోసం చేశాను! అరవై నాలుగు మూరల గొడుగు! పదమూడు అడుగులు నడిచి ఎగిరిపోయింది!"

కొరడా పట్టుకున్న భటుడు రాజు వైపు చూడాలో కొరడా వైపు చూడాలో తెలియక కళ్లు మూసుకున్నాడు. నలభై మంది మెల్లగా చేతులు దించి, ఏడాదిగా నొప్పెడుతున్న భుజాలు నిమురుకున్నారు.

గున్నమ్మ చెయ్యి కడుక్కుంటూ, "ఇప్పుడది ఎక్కడుంది నాన్నా?" అంది.

"తెలియదు."

"తెలిసినాయన వాకిలి బయట ఉన్నాడు ప్రభూ" అన్నాడు గవరయ్య విస్తరి ముందు నుంచి లేచి. "వేగవరం నుంచి వచ్చిన దూత. ఏడాదిలో ఇది ఏడోసారి రావడం. ఏం పని అని కావలివాళ్లు అడుగుతారు. ఆయన ఆ మాట అనబోతాడు. వీళ్లు నోరు మూసి పంపేస్తారు."

దూతని లోపలికి తీసుకొచ్చారు. పాపం, అలవాటుకొద్దీ తన నోటికి తనే చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. "చెప్పవయ్యా, అనొచ్చు" అన్నాడు రాజు.

"మహారాజా, తమ గొడుగు మా సంత మీద వాలింది. నడి ఎండాకాలం. ఆ నీడన మా వర్తకులు ఎంత సుఖపడ్డారంటే ఇక వదలలేకపోతున్నారు. కానీ గాలి వస్తే దాన్ని పట్టి ఉంచడం మావాళ్లకి చేతకావడం లేదు. నలభై వేల వరహాలు ఇచ్చి కొనుక్కుంటాం. పట్టుకోవడం తెలిసిన మనుషులుంటే ఇక్కడికంటే మంచి జీతమిచ్చి పెట్టుకుంటాం."

నలభై మందీ ఒక్కసారే చేతులెత్తారు. ఈసారి గొడుగు కోసం కాదు, ఉద్యోగం కోసం.

గవరయ్య అక్కడికక్కడే ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని ఎడమ చేతి వేళ్ల మీద లెక్క కట్టాడు.

"అప్పు అరవై వేలు. గొడుగు ఖరీదు నలభై వేలు పోను ఇరవై వేలు. ఈ నలభై మందికి నెలకి నాలుగు వందలు, ఏడాదికి నాలుగు వేల ఎనిమిది వందలు ఇస్తున్నాం. వాళ్లు వేగవరం వెళితే అది మిగులుతుంది. నాలుగేళ్లకి పంతొమ్మిది వేల రెండు వందలు. ఇక తక్కువ పడేది ఎనిమిది వందలు."

"ఎనిమిది వందలు" అన్నాడు రాజు గొంతు తగ్గించి. బిడ్డల వంక చూశాడు.

"పదిహేను మందికి ఒక్క వరహా పడుతుంది" అన్నాడు గవరయ్య.

"అది మేం వేసుకుంటాంలే నాన్నా" అంది గున్నమ్మ. "మూడు వందల మందికి ఒంగి వడ్డించావు. తక్కిన ముప్పై తొమ్మిది బంతులూ మాఫీ."

రాజు ముందు నడుం మీద చేతులు వేసుకున్నాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. గుండిగకు తగిలించిన కిరీటాన్ని చూసి ఇంకా నవ్వాడు. మిగతాదానికి నాలుగేళ్లు ఆగుతామని వర్తకులూ నవ్వారు. కొరడా భటుడు కళ్లు తెరిచి నవ్వాడు. మంత్రి మాత్రం ఈగలు తోలుతూ నిలబడ్డాడు.

"గవరయ్యా! నన్ను నా చేత్తోనే దారికి తెచ్చావు. ఇదిగో, నీకు వెయ్యి వరహాల బహుమానం!"

గవరయ్య దండం పెట్టాడు. "ప్రభూ, క్షమించాలి. అప్పు తీరేదాకా ఖర్చు పెట్టాలంటే పెద్ద బిడ్డని అడగాలి."

రాజు గున్నమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, ఇతనికి వెయ్యి వరహాలు ఇద్దామనుకుంటున్నాను."

"వెయ్యెందుకు నాన్నా? పది ఇవ్వు."

"ఇంత ఉపకారం చేశాడు, పదేమిటి? ఐదు వందలు."

"పన్నెండు."

"వంద?"

"అప్పులో ఉన్నవాడికి చెయ్యి ఇంత విశాలంగా ఉండకూడదు. ఇరవై ఐదు. ఇక నోరెత్తకు."

అలా చిత్రకోన చరిత్రలో మొదటిసారి ఒక రాజు బేరమాడి బహుమానం ఇచ్చాడు.

పౌర్ణమి నాడు కన్నయ్య గుడ్డ మూట విప్పి ఇరవై ఎనిమిదో వాయిదా కట్టేశాడు. బహుమానం ఇరవై ఐదు వరహాలతో గవరయ్య ఇంటికి ఒక ఎద్దు వచ్చింది. కొనే ముందు పైడమ్మ దాన్ని ఏడుసార్లు గానుగ చుట్టూ తిప్పి చూసింది.

రాజుగారి అప్పు తీరడానికి నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లూ ఆయనకి కొత్త చెప్పుల జత కావాలన్నా, పొద్దున్నే సంతకి నడిచి వెళ్లి, గున్నమ్మ తోటకూర కట్టలు సర్దుకోవడం అయ్యేదాకా ఎండలో ఓ పక్కన నిలబడేవాడు. తలమీద గొడుగు లేకుండానే.